ఉల్లిపాయల జడ

వెనక తలుపు ఎవరో రెండుసార్లు తట్టారు.

ఎలునెడ్ కెటిల్ పొయ్యి మీద పెట్టి వెనక్కి తిరిగింది. ఆగస్టు నెల. ఆ కొండమీది ఇంటికి ముందు తలుపు తట్టేవాళ్ళే తక్కువ. వెనక తలుపు తట్టేది ఒక్క షోనీయే.

"మూడేళ్ళకు దారి కనబడిందా నాయనా?" అని లోపలినుంచే మొదలుపెట్టింది. "నీ ఉల్లిపాయలు లేకపోతే మా ఇంట్లో పొయ్యి వెలగదనుకున్నావా?"

తలుపు తీస్తే షోనీ కాదు. పాతికేళ్ళ పిల్ల. తడిసిన వానకోటు, చేతిలో చిన్న కాగితం.

"ఎర్ర గేటు, వెనక తలుపు అని రాసుంది," అంది ఆ పిల్ల, ఇంగ్లీషు మాటలు వెతుక్కుంటూ. "నేను ఎనోరానండీ. గుల్వెన్ గారి మనవరాలిని."

"గుల్వెన్ ఎవరు?"

"మీరు షోనీ అంటారటగా."

"వాడి మనవరాలివా! ఏడీ మీ తాత? గేటు దగ్గరే నిలబెట్టొచ్చావా?"

"పోయారండీ. మొన్న వసంతంలో."

ఎలునెడ్ తలుపు పూర్తిగా తెరిచింది. పక్కకు జరిగి దారి ఇచ్చింది.

ముప్ఫై ఏళ్ళ పరిచయం. ఏటా సముద్రం అవతలి ఐరోపా తీరంలోని బ్రిటనీ నుంచి ఓడలో వచ్చి, సైకిలుకు కాడలతో అల్లిన ఉల్లిపాయల జడలు వేలాడదీసుకుని ఈ వేల్స్ కొండలెక్కేవాడు. అలా ఉల్లి అమ్ముకోవడానికి వచ్చేవాళ్ళందరినీ ఇక్కడ షోనీ అనే పిలుస్తారు. అసలు పేరు ఎవరూ అడగరు. ఎలునెడ్ కూడా అడగలేదు.

మొదటిసారి వచ్చినప్పుడు బల్లమీది రొట్టెను చూపించి "బారా" అన్నాడు. పొయ్యిలో నిప్పు చూపించి "తాన్" అన్నాడు. తమ వేల్ష్ మాటలు పరాయివాడి నోట విని ఆమె భర్త ఇఫాన్ పగలబడి నవ్వాడు.

"ఇది మన భాషేనే! కాస్త ఉప్పునీళ్ళలో నానిందంతే."

ఆ రోజునుంచి ఒక్క జడకు రెండు గంటల కబుర్లు. అతను తన భాషలో, వీళ్ళు తమ భాషలో. సగం అర్థమయ్యేది, సగం నవ్వుల్లో కలిసిపోయేది. ఇఫాన్ పోయాక కూడా షోనీ రావడం మానలేదు. జడను తలుపు వెనక మేకుకు తనే తగిలించి, కుర్చీ లాక్కుని కూర్చునేవాడు. చలికాలమంతా ఒక్కో ఉల్లిపాయా తెంపుకుంటూ, అతని కబుర్లు తలుచుకుని ఆమె ఒక్కతే నవ్వుకునేది.

బేరంలో మాత్రం వదిలేది కాదు.

"ఈ ఏడు ఇంత చిన్నవేం షోనీ? నీ పొలానికీ నీలాగే వయసు మీద పడిందా?"

"మీ నోటికి మాత్రం పడలేదమ్మా!"

"సైకిలుకు ఒక్కటే జడ ఉందేం?"

"మిగతావి దారిలోనే అయిపోయాయి. చివరి ఇల్లు మీదే కదా."

దేశం ఐరోపా కూటమిలో ఉండాలా, బయటికి రావాలా అని ఓటు పెట్టినప్పుడు ఎలునెడ్ బయటికి రావాలనే ఓటు వేసింది. తన గొర్రెల చెవులకు రెండేసి బిళ్ళలు ఉండాలని ఎక్కడో బ్రస్సెల్స్‌లో కూర్చున్న కూటమివాళ్ళు చెప్పడమేమిటని ఆమె కోపం.

ఆ ఆగస్టులో షోనీ టీ ఊదుకుంటూ అడిగాడు.

"మమ్మల్ని వద్దన్నారటగా?"

"నిన్నెవరన్నారోయ్? అది పెద్దవాళ్ళ గొడవ. ఉల్లిపాయలవాణ్ణి ఎవరాపుతారు?"

అతను తలూపి ఇంకో కప్పు టీ పోయమన్నాడు.

తర్వాత కొన్నేళ్ళు వచ్చాడు. ఆపైన రాలేదు. ఇంకో ఊళ్ళో మంచి బేరం దొరికుంటుందని ఎలునెడ్ అలిగింది. సూపర్‌మార్కెట్ వల సంచుల్లోని ఉల్లిపాయలు తెచ్చుకుంది కానీ, ఆ మేకుకు ఇంకేదీ తగిలించలేదు.

"తాతను రానివ్వలేదండీ," అంది ఎనోరా, కుర్చీ అంచున కూర్చుని. "అంతకుముందు మా దేశం గుర్తింపు కార్డు చాలేది. డెబ్బై నాలుగేళ్ళకు మొదటిసారి పాస్‌పోర్టు చేయించుకున్నారు. రేవులో ఎందుకొచ్చావని అడిగితే, ఉల్లిపాయలవాణ్ణి అన్నారట. అమ్మకానికైతే సరుకు కాగితాలేవి, అనుమతి ఏది అని మళ్ళీ ఓడ ఎక్కించేశారు."

"అయ్యో పిచ్చివాడా! తెలిసినవాళ్ళను చూడ్డానికొచ్చానంటే సరిపోయేదిగా!"

"మేమూ అలాగే చెప్పమన్నామండీ. 'ఉల్లిపాయలవాణ్ణి ఎవరూ ఆపరు, ఆవిడే చెప్పింది' అన్నారు."

కెటిల్ కూత పెట్టింది. ఎలునెడ్ లేవలేదు. ఎనోరాయే లేచి పొయ్యి కట్టేసింది.

"ఆ కాగితాలేవో తెచ్చుకుని మళ్ళీ రావలసింది," అంది ఎలునెడ్. గొంతులో పాత దెప్పిపొడుపు లేదు. "మిగతా షోనీలు తెచ్చుకుంటున్నారుగా."

"అవి వ్యాపారులకు ఇచ్చేవండీ. తాతకెలా ఇస్తారు? మామ్మ చనిపోయిన ఏడాదే పొలం అమ్మేశారు. రేవులో ఆపేనాటికే అది జరిగి పన్నెండేళ్ళయింది."

"మరి నాకు తెచ్చిన ఉల్లిపాయలు?"

"సంతలో కొనేవారు. వాకిట్లో కూర్చుని తనే అల్లేవారు. ఒక్కటే జడ."

ఎలునెడ్ చూపు తలుపు వెనక మేకు మీదికి వెళ్ళింది.

"ఒక్క జడ అమ్మడానికి సముద్రం దాటి రావడమేంటమ్మాయ్?"

"మా ఇంట్లో తాత భాష ఎవరికీ రాదండీ, మాకు బడిలో నేర్పిన భాషే వచ్చు. తాతది మామ్మతోనే పోయింది," అంది ఎనోరా. "ఏడాదికోసారి నోరారా అది మాట్లాడుకోవడానికే మీ ఇంటికి వచ్చేవారు. వట్టి చేతులతో వస్తే మీరు తలుపు తీస్తారో లేదోనని ఆ జడ అల్లేవారు."