పన్నెండు రూపాయల పాఠం

“వచ్చే నెల నుంచి నేను రానండీ,” అన్నాడు సుబ్రహ్మణ్యం, చేతికంటిన సుద్దపొడి దులుపుకుంటూ.

కోకాపేట బడి గదిలో అంతసేపూ ఫ్రాన్సు రాజుగారి తల ఎలా తెగిపడిందో చెబితే కిమ్మనని నలభైమందీ ఈ ఒక్క మాటకు అదిరిపడ్డారు.

“గట్లంటరేంది సార్!” రాజయ్య లేచి నిలబడ్డాడు. అతనిది పాల వ్యాపారం. క్లాసుకు పెద్దదిక్కు కూడా అతనే. “మా తాన ఏమన్న తప్పైందా?”

“మీ తప్పేం లేదు రాజయ్యగారూ. పట్నంలో ఒక ట్యుటోరియల్ వాళ్లు పాఠానికి ముప్పై ఇస్తామంటున్నారు. ఇక్కడ పన్నెండు. ఇద్దరు పిల్లలున్నవాణ్ణి కదండీ.”

“శుక్రవారం దాక జర ఆలోచన జేసి సూడుండ్రి సార్. మీరు రాకుంటే మేం పరేషానైపోతం.”

ముందు బెంచీలో కూచున్న డెబ్భై ఏళ్ల చంద్రమ్మ ఎప్పటిలాగే కళ్లార్పకుండా అతన్నే చూస్తోంది. ఏడాదిగా ఆ ముసలమ్మ ఒక్క పాఠం మానలేదు. అలాంటి శ్రద్ధను కాదనుకుని వెళ్లాలంటే సుబ్రహ్మణ్యానికి మనసొప్పలేదు.

పొద్దున పూట అతను ఒక ప్రైవేటు బడిలో పంతులు. చరిత్రలో ఎం.ఏ. మొదటి తరగతిలో పాసైనా విశ్వవిద్యాలయంలో దొరికింది మాత్రం ఈ పార్ట్‌టైం కొలువే. మంగళ, శుక్రవారాల్లో సాయంత్రం నాలుగింటికి పల్లెకు వెళ్లి పెద్దవాళ్లకు ప్రపంచ చరిత్ర చెప్పాలి. బస్సు పాసు వాళ్లే ఇచ్చారు, ఆర్టీసీకి రాసి బస్సూ వేయించారు. ఒకటే షరతు. ఇరవైమందికి తగ్గితే క్లాసు ఎత్తేస్తారు.

కాకినాడవాడు. ప్రత్యేక తెలంగాణ గొడవలు చల్లారి రెండేళ్లయినా కాలేదు. ఆంధ్రా పంతులు చెప్పే పాఠానికి ఎవరొస్తారులే అని తొలిరోజు బిక్కుబిక్కుమంటూ బస్సు దిగాడు. నలభైమంది వచ్చారు! ఆ తర్వాత ఎన్నడూ తగ్గలేదు. రాజయ్య గుమ్మంలో నిలబడి తలలు లెక్కపెట్టేవాడు. ఎవరైనా రాకపోతే పొలానికైనా వెళ్లి రెక్క పట్టుకుని తెచ్చేవాడు. పాఠం అయ్యేదాకా డ్రైవరు బడి గోడ నీడన కునుకు తీసేవాడు. తిరుగుబస్సులో పాలక్యాన్ల మధ్య కిటికీ పక్కన కూచుంటే సుబ్రహ్మణ్యం సంచిలో ఓనాడు నెయ్యి ఉండేది, ఓనాడు సీతాఫలాలు.

ఇంట్లో మాత్రం భార్య రత్నమాలకు ఇదంతా చాదస్తంగానే ఉండేది. “పన్నెండు రూపాయలకు పదమూడు మైళ్లాండీ? మీ చొక్కా ఇస్త్రీకీ కాళ్ల నొప్పులకీ సరిపోతుంది అది!” అని ఎన్నిసార్లు దెప్పిందో.

అలాంటిది, ఆ రాత్రి అతను నలభైమంది ముఖాలు ఎలా వాడిపోయాయో చెబితే ఆమే మెత్తబడింది.

“మీకు జ్వరమొచ్చి రెండు వారాలు మానేసినప్పుడు ఆ రాజయ్యగారు ఇంతదూరం సైకిలు తొక్కుకుంటూ వచ్చాడండీ, పాపం, చెమటలు కక్కుతూ. ‘సారు ఎప్పుడొస్తడమ్మా’ అని నాలుగుసార్లు అడిగాడు. మా సొంత అన్నయ్య కార్డుముక్కైనా రాయలేదు.”

“కనకలక్ష్మి సంగతి మర్చిపోయావా?” అన్నాడతను.

ఎలా మర్చిపోతుంది? కనకలక్ష్మి రాజయ్య కూతురు. ఒక శుక్రవారం నొప్పులొచ్చి, బిడ్డ అడ్డం తిరిగితే, తిరుగుబస్సులోనే దవాఖానకు తెచ్చారు. సుబ్రహ్మణ్యం తన సీటు ఇచ్చి దారంతా నిలబడ్డాడు. తల్లీ బిడ్డా క్షేమం. మగపిల్లవాడు. “మీరు ఆ దినం రాకుంటే నా బిడ్డ నాకు దక్కకపోవు సార్,” అని రాజయ్య చేతులు పట్టుకుని ఏడ్చాడు. తన అడుగు మంచిదని కాబోలు వీళ్ల నమ్మకం, అనుకున్నాడు సుబ్రహ్మణ్యం. ఇరవై ఒకటో రోజున ఆ పసివాడికి సుబ్రహ్మణ్యం అని పేరు పెట్టారు.

“పెద్ద పెద్ద ప్రొఫెసర్లకే దక్కదండీ ఆ భాగ్యం,” అంది రత్నమాల కళ్లు తుడుచుకుంటూ. “వెళ్లండి. పచ్చడి మెతుకులే తిందాం.”

మర్నాడే అతను ట్యుటోరియల్ వాళ్లకు రానని ఉత్తరం రాసి డబ్బాలో వేసేశాడు.

శుక్రవారం గది కిటకిటలాడింది. పాఠం మొదలుపెట్టకముందే చెప్పేశాడు. “నేను ఎక్కడికీ వెళ్లటంలేదండీ. మీరున్నంతకాలం ఇక్కడే.”

ఒకటే చప్పట్లు! వెనక ఎవరో ఈల కూడా వేశారు. రాజయ్య తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు.

“చదువంటే ఇంత ప్రేమ నేను ఎక్కడా చూడలేదు,” అన్నాడు సుబ్రహ్మణ్యం బొంగురుగొంతుతో. రాజయ్య తల దించుకున్నాడు.

ఆ పొంగులోనే అతను ముందు బెంచీ దగ్గరికి వెళ్లాడు. “మామ్మగారూ, ఏడాదిగా వింటున్నారు కదా. అన్నిట్లోకీ మీకు నచ్చిన పాఠం ఏదండీ?”

చంద్రమ్మ బోసినోటితో నవ్వి ఊరుకుంది.

“ఆమెకు ఇనవడది సార్,” అన్నాడు రాజయ్య నసుగుతూ. “చెవుడొచ్చి పదేండ్లాయె.”

“చెవుడా? మరి రోజూ ముందు బెంచీలో కూచుని...?”

రాజయ్య వంగి ముసలమ్మ చెవి దగ్గర నోరుపెట్టి అరిచాడు. “సారు పోతలేడంట! ఇగ ఎప్పటికీ వస్తడంట!”

చంద్రమ్మ ముఖం వెలిగిపోయింది. సుబ్రహ్మణ్యం రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. “సల్లగుండు బిడ్డా, నూరేండ్లు సల్లగుండు,” అంది ఊరంతా వినపడేటట్టు.

“నీ పాఠమున్న దినమే గద మా ఊరికి బస్సొచ్చేది.”