లైను పెట్టెయ్యకమ్మా

నీళ్ళ ఫిర్యాదుల గదిలో ఫోను మోగింది.

ఎత్తిన సీనియరమ్మ ఆ గొంతు వినగానే ముసిముసిగా నవ్వి, కాల్‌ను కొత్తమ్మాయి బల్లకు మళ్ళించింది.

“తీసుకోవే, మీ తాతగారు!”

కొత్తమ్మాయి తల పట్టుకుంది.

కొత్తమ్మాయి అని పిలవడమే గానీ, బడికెళ్ళే కూతురున్న తల్లి. ఉద్యోగం కొత్త, ఇంకా ఖాయం కాలేదు. చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని ఊరి జనం తిట్లన్నీ తినడమే పని. ఒక కాల్ పెట్టీ పెట్టకముందే ఇంకొకటి వచ్చి పడుతుంది. సాయంత్రం ఆ తిట్లన్నీ వడ్డీతో సహా ఇంట్లో కూతురి మీద పడేవి.

‘అమ్మ ఇవాళ మంచిగా వస్తుందా, కోపంగా వస్తుందా?’ అని పిల్ల అమ్మమ్మను అడగడం ఒకరోజు గుమ్మం దగ్గరే ఆమె చెవిన పడింది.

“చెప్పండి సార్. మళ్ళీ కుళాయేనా?”

“అవునమ్మా, సన్నగా వస్తోంది. కిందికి దిగి మీటరు తిరుగుతోందో లేదో చూసొస్తా. మోకాళ్ళ నొప్పులు, కాస్త ఆలస్యమవుతుంది. లైను పెట్టెయ్యకమ్మా.”

“అక్కర్లేదు సార్, ఫిర్యాదు రాసుకుంటా...”

“చూడకుండా ఎలా రాసుకుంటావ్? అందాకా ఊరికే కూర్చోకు. లేచి కిటికీ దగ్గర నిలబడు. పొద్దున్నుంచి మంచినీళ్ళు తాగావా?”

తాగలేదు. నీళ్ళ ఆఫీసులో పనిచేస్తూ గుక్కెడు నీళ్ళకు తీరిక లేని మనిషి ఆమె.

అవతలి మనిషి లైనులో ఉండగా ఫోను పెట్టెయ్యకూడదని ఆ ఆఫీసు రూలు. ఆయన దిగి, చూసి, ఎక్కి వచ్చేదాకా ఇంకో కాల్ రాదు. చేసేదేం లేక లేచింది. నీళ్ళు తాగింది. కిటికీలోంచి ఎదుటి మేడమీద ఎవరో దుప్పటి దులుపుతుంటే చూస్తూ నిలబడింది.

“మీటరు తిరుగుతోందమ్మా. ఏదీ, గట్టిగా ఊపిరి తీసి నెమ్మదిగా వదులు.”

“మీ కుళాయికీ నా ఊపిరికీ ఏం సంబంధం సార్?”

“రెండూ సన్నగానే వస్తున్నాయిగా!”

నవ్వాపుకోలేకపోయింది. నవ్వినందుకు తన మీద తనకే చిరాకేసింది.

రోజూ అదే వరస. అదే కుళాయి, అదే మీటరు, అవే మోకాళ్ళు. ఈమధ్య ఇంటికెళ్ళగానే చెప్పులు విడిచి, కూతురి పక్కన మెట్ల మీద కూర్చుని బడి కబుర్లు వింటోంది. పని అలవాటైపోయింది కాబోలు అనుకుందే తప్ప, ఆ ముసలాయన సంగతి తలపుకైనా రాలేదు.

ఒకరోజు సూపర్‌వైజర్ పిలిచాడు.

“మీ కాల్స్ అందరికంటే సాగుతున్నాయమ్మా. ఇలాగైతే ఖాయం చెయ్యమని నేనెలా రాయను?”

“ఒక ముసలాయన సార్. పనీపాటా లేక రోజూ ప్రాణం తీస్తున్నాడు.”

“మరి ఇన్నాళ్ళూ ఓర్చుకోవడం దేనికి? వేధింపు కాల్ అని నొక్కెయ్యండి, ఆ నంబరు మళ్ళీ కలవదు.”

వేలు ఒక్క క్షణం ఆగింది. కూతురి బడి ఫీజు గుర్తొచ్చింది. నొక్కేసింది.

ఉద్యోగం ఖాయమైంది. కానీ లేచి నిలబడమనే వాళ్ళు లేరు. నీళ్ళ సీసా ఎలా తెచ్చిందో అలాగే ఇంటికి పోయేది. తిట్లు మళ్ళీ ఆమె వెంట ఇల్లు చేరాయి. ఒక సాయంత్రం గ్లాసు ఒలికిందని కూతురి చెంప చెళ్ళుమనిపించింది. పిల్ల ఏడవలేదు, వెళ్ళి అమ్మమ్మ వెనక నక్కింది.

అప్పుడు గుర్తొచ్చాడు ముసలాయన.

మర్నాడు పొద్దున్నే కుళాయిలు బాగుచేసే ఫిట్టర్‌ను పట్టుకుంది.

“అన్నా, రోజూ ఫోను చేసే ఆ తాతగారి కుళాయి బాగుచేశావా?”

“ఆ కుళాయికేం రోగం? నేనెళ్ళినప్పుడల్లా ధార దంచికొట్టేది. వచ్చావుగా కూర్చో అని టీ ఇచ్చి పంపేవాడు.”

“అయితే ఇన్నాళ్ళూ ఉత్తుత్తి ఫిర్యాదులా? ఉండు, ఆ నంబరు విడిపించి నేనే ఫోను చేస్తా. తప్పయిందని చెప్పుకోవాలి.”

ఫిట్టర్ చేతిలో పానా కింద పెట్టాడు.

“ఇంకెవరికి చేస్తావమ్మా? పోయిన వారమే ఆయన పోయాడు. కనెక్షన్ తీసేసి వచ్చింది నేనే.”

ఫిట్టర్ గొంతు తగ్గించాడు.

“ఎవరికీ చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నాడు. ఇప్పుడు చెప్పినా తప్పులేదులే. వాళ్ళావిడ నువ్వు చేరకముందు ఈ గదిలోనే పనిచేసేది. ఫోను మోగుతుంటే ఎలా లేస్తానని తిండీ నీళ్ళూ మానేసి కూర్చునేది. ఒక మధ్యాహ్నం, చెవికి హెడ్‌ఫోను ఉండగానే, ఇప్పుడు నువ్వు కూర్చునే ఆ కుర్చీలోనే పోయింది.”