గుమ్మడికాయ పాట

మహానంది శెట్టి చేత డబ్బు కక్కించాలంటే వేలంలో అతనికి పోటీగా పాడేవాడు ఒకడు కావాలి. ఆ ఒక్కడి కోసం రాహేలమ్మ మైదుకూరు సంతనంతా కళ్ళతోనే గాలిస్తోంది.

ముందున్న గంపలో సీతాఫలాలు. ఒకే పండు మీద ఇద్దరి కన్ను పడితే ధర దానంతటదే లేస్తుందని ఆమెకు బాగా తెలుసు. ఆ ఎత్తే రేపు కోత పండగలో వేయాలని ఆమె పన్నాగం.

ఊరికి ఎడంగా ఉన్న రాహేలమ్మ వాళ్ళ పల్లెలో సగం తవ్విన బావి ఉంది. ఆడా మగా కలిసి చేతులతో తవ్వుకున్నారు. అడుగున బండ తగిలింది. మందు పెట్టి పేల్చడానికి, రాతికట్టు కట్టడానికి వంద రూపాయలు కావాలి. అంతవరకూ వాళ్ళ ఆడవాళ్ళు ఊరిబావి దగ్గర కుండలు పెట్టుకుని, ఎవరో ఒకరు నీళ్ళు పోసేదాకా ఎండలో పడిగాపులు కాయాల్సిందే. ఆ నీళ్ళ పేరు చెప్పి పెద్దరెడ్డి తన కళ్ళంలో అందరిచేతా ఊరికే చాకిరీ చేయించుకుంటున్నాడు.

కాబట్టి బావి అతనికి కంట్లో నలుసు. "ఆ బావికి దమ్మిడీ ఇచ్చినోనికి ఊర్లో నిప్పూ నీళ్ళూ బంద్!" అని దండోరా వేయించాడు.

అయినా మొన్న రాహేలమ్మ శెట్టి నూనె అంగడికి వెళ్ళి చేయి చాపింది. వెళ్ళిన వేళ మంచిది కాదు. అంగడి అరుగు మీద పెద్దరెడ్డి మనుషులు కూర్చుని ఉన్నారు.

"బావంట, బావి! ఎంతయితాదంట?" అని అరిచాడు శెట్టి.

"వందయితాదంట, సామీ."

"వందా! నేనేమన్నా పిచ్చోని మాదిరి కనపడతాండానా? పో ఈడ్నుంచి!"

అరుగంతా పగలబడి నవ్వింది. రాహేలమ్మకు కడుపు మండిపోయింది. వీడి చేతే ఇప్పిస్తా చూడు అనుకుంది.

శెట్టికి ఒక బలహీనత ఉంది. కోత పండగనాడు ప్రార్థన గుడి ముంగిట కానుకలను వేలం వేస్తారు. ఆ డబ్బు ఈసారి బావికే. పచ్చి సరుకుకు మైల లేదు కదా, ఏటా అందరికంటే ముందు వచ్చి నిలబడేది అతనే. ఎవడైనా ఎక్కువ పాడాడా, మూతి బిగించి పైన ఇంకో అణా వేస్తాడు. ఓడిపోవడం అతని ఒంట్లో లేదు.

"పండెంతక్కా?"

ఎర్ర రుమాలు చుట్టుకున్న మనిషి గంప ముందు కూర్చున్నాడు. పేరు సుంకన్న అట, కడప తట్టు మనిషట. రెండు పండ్లు తిన్నాడు. అడక్కుండానే కబుర్లు మొదలుపెట్టాడు.

"వేలంపాటంటే నాకు శానా ఇష్టమక్కా. ఎద్దుల పాటలో నా నోటికి ఎదురొచ్చినోడు లేడు."

రాహేలమ్మకు ప్రాణం లేచి వచ్చింది. సంగతంతా చెప్పి, "యాబై దాకా లాగి ఇడ్సిపెట్టప్పా. మిగతాది యాడన్నా చూసుకుంటాం. నీకో కోడిపుంజు ఇస్తా" అంది.

"అట్లే కానీక్కా."

సంతలో బేరమాడకుండా ఒప్పుకున్న మనిషిని ఆమె చూడడం అదే మొదలు. తన తెలివికి తనే మురిసిపోయింది.

పండగనాడు గుడి ముంగిలి కిటకిటలాడింది. వేడుక చూడ్డానికి పెద్దరెడ్డి కూడా మంచం వేయించుకుని కూర్చున్నాడు. రాహేలమ్మ తెచ్చిన గుమ్మడికాయను ఉపదేశి ఏసేపు రెండు చేతులా ఎత్తాడు.

"రెండణాలు!" అన్నాడు శెట్టి.

"రూపాయి!" అన్నాడు సుంకన్న.

జనం వెనక్కి తిరిగి చూశారు. శెట్టి మూతి బిగిసింది.

"శెట్టీ, కాయ కొనేకొచ్చినావా, చూసిపోయేకొచ్చినావా?" అని రెచ్చగొట్టాడు సుంకన్న.

అంతే, పాట పట్టాలెక్కింది. ఐదు, పది, ఇరవై. యాభై దగ్గర రాహేలమ్మ దగ్గింది. సుంకన్న ఇటు తిరగలేదు.

"అరవై!"

వీడి దగ్గర అరవై పైసలైనా ఉన్నాయో లేవో! శెట్టి ఇక్కడ ఆగాడంటే దొంగపాట బయటపడుతుంది. గుడి పరువు పోతుంది. ఆ సాకుతో పెద్దరెడ్డి బావిని పూడ్పించేస్తాడు. మళ్ళీ దగ్గింది. గొంతు పోయేలా దగ్గింది. "ప్రభువా, వాని నోరు మూయించు" అని మొక్కుకుంది.

"తొంబై!"

"ఇడ్సిపెట్టు శెట్టీ," పెద్దరెడ్డే కేకేశాడు, "గుమ్మడికాయకు ఇల్లమ్ముకుంటావా ఏమి?"

"యాడోడో వచ్చి నా మీద పాడితే తలొంచాల్నా? వంద!"

సుంకన్న ఠక్కున నోరు మూసుకుని కూర్చున్నాడు. ఏసేపు మూడుసార్లు అరిచి పాట ముగించాడు.

శెట్టి నడుముకున్న సంచి విప్పి వందా అక్కడికక్కడే లెక్కపెట్టి విసిరికొట్టాడు. "సచ్చినా మీ గుడి తట్టు రాను!" అని తిట్టుకుంటూ కాయను చంకనెత్తుకుని పోయాడు.

పెద్దరెడ్డి పొట్ట పట్టుకుని నవ్వాడు. "బంద్ చేద్దామంటే బావికి ఇచ్చినాడా ఏమన్నా? కొన్నాడు! తిక్క శెట్టి!"

జనం పలచబడ్డాక రాహేలమ్మ కోడిపుంజుతో గుడి వెనక సుంకన్నను పట్టుకుంది.

"సచ్చి బతికితినప్పా! యాబై అంటే వంద దాకా ఎట్ల పోతివి? నడుమ ఆ శెట్టి ఆపేసింటే?"

"ఎట్ల ఆపుతాడక్కా," సుంకన్న నవ్వాడు, "వంద దాకా పాడించమని నన్ను నీ గంప కాడికి పంపిందే ఆయప్ప!"