టికెట్ లేని గొంతు

చొక్కా జేబులో భార్య ఫోన్ మళ్లీ మోగింది. టీసీ గారు గరిటె పక్కన పెట్టి నంబరు చూశారు. ఇందాక కట్ చేసిన నంబరే. సిగ్గులేదు వీళ్లకి అని గొణుక్కుని మళ్లీ కట్ చేశారు.

ఉద్యోగం వదిలి ఆరేళ్లయినా వీధిలో అందరికీ ఆయన టీసీ గారే. ముప్పైరెండేళ్లు రైలు పెట్టెల్లో తిరిగి, మొహం చూడకుండా గొంతు విని టికెట్ లేనివాణ్ణి పట్టేయడం నేర్చుకున్నారు. టికెట్ ఉన్నవాడికి తొందర ఉండదు, జేబులన్నీ తీరిగ్గా వెతుక్కుంటాడు. లేనివాడే గబగబా మాట్లాడతాడు, మధ్యలో కుశలం అడుగుతాడు.

భార్య ఫోన్ ఆయన జేబులోకి వచ్చి నెల కావస్తోంది. వారానికి మూడుసార్లు డయాలసిస్ మంచం మీద నాలుగేసి గంటలు ఏం తోచక, ఎప్పుడో పేరు రాయించుకున్న ఆపరేషన్‌కి దాచుకున్న డబ్బుకి బ్యాంకుకన్నా ఎక్కువ వడ్డీ ఎవరిస్తారా అని ఆవిడ ఫోన్‌లో వెతికింది. కనిపించిన చోటల్లా నంబరు ఇచ్చింది. మర్నాటినుంచి ఫోన్లే ఫోన్లు. వాటిలో ఒక తియ్యటి గొంతు రోజూ "భోంచేశారా అమ్మా" అని పలకరించి, మా జాబితాలో నలభై మందికే చోటుంది, మీ వంతు ఈరోజే, సాయంత్రం దాటితే వేరేవాళ్లకి ఇచ్చేస్తామని చెప్పింది. కడుపున పుట్టినవాళ్లయినా అన్నిసార్లు అడగరని ఆవిడ మురిసిపోయింది. డబ్బు పంపబోతుంటే, కాళ్లమీద దుప్పటి సర్దడానికి వచ్చిన నర్సు చూసి ఆపింది. వెతికితే, ప్రభుత్వం అనుమతి ఇచ్చిన కంపెనీల్లో దాని పేరే లేదు. డబ్బు దక్కింది. ఆరోజునుంచి టీసీ గారికి ఆ నర్సు ఇంటి మనిషైపోయింది.

ఫోన్ మాత్రం ఆయన పుచ్చుకున్నారు. చుట్టాలు ఎలాగూ ఆయన నంబరుకే చేస్తారు. ఆస్పత్రి సంగతులేమున్నా నర్సు మంచం దగ్గరే చెబుతుంది. ఇక దీనికి చేసేవాళ్లంతా టికెట్ లేనివాళ్లే అని తేల్చేశారు.

మూడోసారి మోగింది. ఈసారి ఆయనకి సరదా పుట్టి ఎత్తారు.

"సార్, ఇందాకట్నించీ చేస్తున్నాను. నేను కోఆర్డినేటర్‌ని..."

"ఎక్కడినుంచో చెప్పకమ్మా. ఎంత పెద్ద పేరు చెప్పినా నేను నమ్మేది లేదు. పని చెప్పు."

ఆ పిల్ల ఆవిడకి ఫోన్ ఇమ్మంది. ఆవిడ పడుకుందని, తను ఆవిడ మొగుణ్ణని, ఏదున్నా తనతోనే చెప్పమని ఆయన అన్నారు.

"అయితే వినండి సార్. ఆవిడ వంతు వచ్చింది. జాబితాలో మొదటి పేరు ఆవిడదే. రెండు గంటల్లో మీరిద్దరూ ఇక్కడుండాలి."

"వస్తే కాగితాలు సిద్ధంగా ఉంటాయి, సంతకాలు పెట్టడమే తరవాయి. అంతేనా?"

"అవును సార్. పొద్దున్నుంచి ఆవిడ ఏమైనా తిన్నారా?"

టీసీ గారికి నవ్వాగలేదు. అవతల ఆ పిల్ల ఇంకేదో చెప్పబోయింది గానీ ఆ నవ్వులో ఒక్క ముక్కా వినపడలేదు.

"వచ్చావా దారికి. తిన్నారా, పడుకున్నారా... మీ అందరికీ ఒకే బళ్లో చెబుతారా ఈ పాఠం?"

ఆ పిల్ల గొంతు ఇంకా గబగబలాడింది. టైము లేదంది, మీరు కాదంటే రెండో పేరుకి ఇచ్చెయ్యాల్సి వస్తుందంది. ఆ తొందర ఎన్ని పెట్టెల్లో విన్నారో ఆయన.

"ఇచ్చెయ్యి తల్లీ. వాళ్లనే బాగుపడనీ."

అవతల కాగితం తిరగేసిన చప్పుడైంది.

"వద్దన్నారని రాసుకోమంటారా సార్?"

"పెద్ద పెద్ద అక్షరాలతో రాసుకో."

నంబరు బ్లాక్ చేసి, పొయ్యి ఆర్పి, కంచంలో వడ్డించి తీసుకెళ్లి భార్యని లేపారు. ఎవరండీ ఫోన్‌లో అంటే, నీ పాత స్నేహితురాళ్లే అన్నారు. పక్కన కూర్చుని రెండు గొంతులతో జరిగిందంతా అభినయించి చూపించారు. పెద్ద అక్షరాల దగ్గరికి వచ్చేసరికి ఆవిడ పొలమారేటట్టు నవ్వింది. ఆవిడ అలా నవ్వి ఎన్నాళ్లైందో.

"మీరుండబట్టి సరిపోయింది. నేనైతే ఈపాటికి బయల్దేరిపోదును" అంది.

రోజూ కంటే రెండు ముద్దలు ఎక్కువే తింది. సూదుల గుర్తులు లేనిచోటు చూసుకుని, ఆయన ఆవిడ చెయ్యి మెల్లిగా నిమురుతూ కూర్చున్నారు.

సాయంత్రం నాలుగింటికి ఆ కిడ్నీని రెండో పేరు మనిషికి అమర్చారు.