రెట్టింపైన వ్యాపారం

"విద్యార్థుల్నీ, నిపుణుల్నీ, ఊళ్లో వ్యాపారుల్నీ కలిపేది మన సదస్సే! దాని చలవతోనే ఈయన వ్యాపారం ఏడాదిలో రెట్టింపైంది!" అంటూ వైస్ ఛాన్సలర్ కోటు తొడుక్కున్న ఒకాయనకి పూలగుత్తి అందించాడు.

నిపుణులు చప్పట్లు కొట్టారు. ఏం వ్యాపారమో ఒక్కరూ అడగలేదు.

సభ ముగియగానే ఒక విద్యార్థిని జనాన్ని తోసుకుంటూ వెళ్లి ఆయన చేతిలో తన బయోడేటా పెట్టింది.

"సార్, మూడేళ్లుగా ఈ సదస్సుకి వస్తున్నాను. మీ కంపెనీలో ఏ ఉద్యోగమైనా ఫర్వాలేదు."

ఆయన కాగితాన్ని వెలుతురులో పెట్టి చూసి నొచ్చుకున్నాడు.

"ఈ నల్లగీత మా పాత జిరాక్స్ మిషన్‌దేనమ్మా. పొద్దున మీరంతా బయోడేటాల కాపీల కోసం మా షాపు మీద ఎగబడేసరికి చూసుకోలేదు. కొత్త మిషన్‌కి ఆర్డరిచ్చాన్లే. వచ్చే ఏడాది నీది అద్దంలా వస్తుంది."