చాయి తాగినంక

ఉప్పల్‌లో వకీలు ఆఫీసు మెట్ల మీద కూచుని ఎవరో దగ్గుతున్నాడు.

మామూలు దగ్గు కాదు. రేకు డబ్బాలో కంకర పోసి ఊపినట్టుంది.

ఈరమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని పక్కనుంచి ఎక్కబోయింది. వెనకాలే కూతురు పూర్ణిమ.

“అమ్మా, సిద్దయ్యగారి ఇంటావిడ మీరేనా?” గొంతు లేదు, గాలే వచ్చింది.

“అవును నాయనా. నువ్వెవరు?”

“సంతకం పెట్టేశారా?”

“పెట్టనీకే పోతున్న.”

“పెట్టకండమ్మా. ముందు నా మాట...” మిగతాది దగ్గు మింగేసింది.

పూర్ణిమ తల్లి చెయ్యి పట్టి లాగింది. “రా అమ్మా. కేసులు పట్టేటోళ్ళు గిట్లనే తిరుగుతరు. ఇంకో వకీలు పంపి ఉంటడు.”

మనిషిని చూస్తే అలాగే ఉన్నాడు మరి. మాసిన చొక్కా, చంకలో సంచి, కోస్తా యాస.

ఈరమ్మకు కోపం రాలేదు. సిద్దయ్య పోయినప్పటి నుంచి ఆమెకు కోపమూ లేదు, ఏడుపూ లేదు. నోట్లో ముద్ద పెట్టుకుంటే ఉప్పు వేశారో లేదో తెలియదు. కూచోమంటే కూచుంటుంది, లెమ్మంటే లేస్తుంది.

సిద్దయ్యది నాచారంలో మందుల కంపెనీలో పని. ఒక పొద్దున ట్యాంకులోకి దిగినవాడు మళ్ళీ తన కాళ్ళ మీద పైకి రాలేదు.

ఎందుకు దిగాడో ఎవరికీ తెలియదు. లోపల ఇంకెవరూ లేరు, చూసినవాళ్ళూ లేరు అంది కంపెనీ. ముఖానికి గుడ్డ కూడా లేదట, తాగి దిగి ఉంటాడు అంది బస్తీ.

ఈరమ్మ కేసు వేసి అడిగింది ఒక్కటే. “నా పెనిమిటి తప్పు లేదని రాయండి సారూ.”

ఆ ఒక్కటే కంపెనీ రాయనంది. తప్పు సిద్దయ్యదేనని ఒప్పుకుని కేసు వెనక్కి తీసుకుంటే పూర్ణిమకు పర్మినెంటు ఉద్యోగం ఇస్తామంది.

నిన్న కంపెనీ ఆఫీసరు జగన్మోహన్ ఇంటికే వచ్చాడు. మంచం మీద కూచున్నాడు, మెత్తగా మాట్లాడాడు, చాయి అడిగి మరీ తాగాడు. ఎదురుగా ఈరమ్మా తాగింది.

ఆమె వరకు అక్కడే అయిపోయింది. పాత నాచారం మనుషుల సంగతి మీరు వినలేదేమో. అప్పట్లో పెద్దమనుషులు పంచాయతీ తెంపితే రెండు పక్షాలూ ఒక్కచోట కూచుని కల్లు తాగేవాళ్ళు. అది గొంతు దిగాక ఇక మాట మార్చడం ఉండేది కాదు. తాటిచెట్లు పోయి ఫ్యాక్టరీలు వచ్చాయి, కల్లు పోయి చాయి వచ్చింది. అంతే తేడా.

వకీలు ఉమామహేశ్వర్ ఈరమ్మ తరఫు మనిషే. కాగితం చదివి పక్కన పెట్టాడు.

“‘ముఖానికి గుడ్డ లేకుండ, సొంత అజాగ్రత్తతోని దిగిండు’ అని రాసిన్రు. ఇంకోసారి ఆలోచన జెయ్యి ఈరమ్మా. రెండు దిక్కుల సంతకాలు పడేదాక ఇది ఉత్త కాగితమే. వద్దనుకుంటే ఇప్పుడన్న లేచిపోవచ్చు.”

“నిన్ననే చాయి తాగిన సారూ.”

“చాయి తాగితే ఏమైతది?”

“మాట అయిపోతది.”

కింద మెట్ల మీద మళ్ళీ దగ్గు. అప్పటికే వచ్చి కూచున్న జగన్మోహన్ లేచి కిటికీలోంచి కిందికి చూశాడు. చూసి, వచ్చి కూచున్నాడు.

“తొందరగా కానివ్వండమ్మా. అమ్మాయికి సోమవారం నుంచే డ్యూటీ.”

ఈరమ్మ పూర్ణిమ వైపు చూసింది. పూర్ణిమ నేల చూసింది.

కూతురు నేర్పిన అక్షరాలే, ఒక్కొక్కటీ కూడబలుక్కుని సంతకం పెట్టింది. ఆ కింద జగన్మోహన్ గీకేశాడు.

“అయిపోయిందా సారూ?”

“అయిపోయింది. ఇగ మీరూ మారరాదు, వాళ్ళూ మారరాదు. రేపు ఎవరొచ్చి ఏం జెప్పినా గింతే.”

దిగి వచ్చేసరికి ఆ మనిషి అక్కడే ఉన్నాడు.

“పెట్టేశారా అమ్మా?”

“పెట్టిన.”

అతను రోడ్డు మీద ఆటోలు పోతుంటే అటే చూస్తూ కూచున్నాడు.

పూర్ణిమే అంది. “ఇన్ని దినాలు ఏడున్నవ్? ఇయ్యాల్నే యాదికొచ్చినమా?”

“ఆస్పత్రి నుంచి మావాళ్ళు శ్రీకాకుళం పట్టుకుపోయారమ్మా. మొన్నటిదాకా గొంతు పెగల్లేదు. రాజీ సంగతి వినగానే రైలెక్కాను.”

సంచిలో చెయ్యి పెట్టి, ఉతికి మడతపెట్టిన ఎర్ర తువ్వాలు తీసి ఈరమ్మ చేతిలో పెట్టాడు.

ఈరమ్మ మడత విప్పింది. అంచు చిరిగిన చోట ఆకుపచ్చ దారంతో తను వేసిన కుట్టు. ఆ పొద్దున సిద్దయ్య మెడలో వేసుకుని వెళ్ళిన తువ్వాలు.

“ట్యాంకులో ముందు దిగి పడిపోయింది నేనమ్మా. ఆయన ఇది తడిపి కట్టుకుని నాకోసం దిగాడు. నన్ను పైకి నెట్టేముందు...”

మిగతాది చెప్పడానికి గొంతు రాక, ఆ మనిషి రెండు చేతులూ తన ముక్కు మీదుగా తల వెనక్కి పోనిచ్చి, సిద్దయ్య తన ముఖం మీది తువ్వాలు విప్పి అతనికి ఎలా కట్టాడో ముడి వేస్తున్నట్టు చూపించాడు.