ముందస్తు తనిఖీ

"దొంగతనమంటే అర్ధరాత్రి, ముసుగు, నిచ్చెన అనుకుంటారు గానీ బావా, పట్టపగలు తువ్వాలు కట్టుకుని వెళ్తే చాలు" అన్నాడు బావమరిది, లైఫ్ రింగును టీపాయ్ మీద పెడుతూ.

అపార్ట్‌మెంట్ల సంఘం సెక్రటరీ అయిన బావ దాన్ని చూసి మురిసిపోయాడు. నీళ్ళలో మునిగేవాళ్ళకి విసిరే ఎర్రటి రింగు, తాడుతో సహా. వెనక వీధి అపార్ట్‌మెంట్ల స్విమ్మింగ్ పూల్ దగ్గర గోడకి వేలాడుతుంటే, బావమరిది ఈత నిక్కరు మీద తువ్వాలు కట్టుకుని లోపలికి పోయి, దాన్ని భుజానికి తగిలించుకుని తిన్నగా బయటికి నడిచాడట. అక్కడి వాచ్‌మన్ గేటు కూడా తీసి పట్టుకున్నాడట. ఎక్కడికి సార్ అని అడిగితే, ఇక్కడే ముందు వీధిలోకి అని మర్యాదగా జవాబు చెప్పి మరీ వచ్చాడట.

ఈ పాపానికంతటికీ కారణం ఎల్లుండి తమ పూల్‌కి జరగబోయే మున్సిపల్ తనిఖీ. పూల్ రక్షణ సామాన్ల కోసం పక్కన పెట్టిన డబ్బుతో సెక్రటరీ గేటు దగ్గర తన పేరు చెక్కిన పాలరాతి ఫలకం పెట్టించాడు. మునిగేవాళ్ళని లాగే కొక్కెం కర్ర, మందుల పెట్టె, లోతు చెప్పే బోర్డు పాతవే ఉన్నాయి కాబట్టి సరిపోయింది. రింగొక్కటే లేదు. రింగు లేకపోతే పూల్‌కి తాళం పడుతుంది, తాళం పడితే ఆదివారం మీటింగులో పదవి ఊడుతుంది.

ఆయన భయమల్లా అదే. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత. ఇంట్లో కాఫీ కావాలంటే మూడుసార్లు అడగాలి. మెట్లు దిగితే చాలు, "సార్" అంటూ లేచి నిలబడేవాళ్ళుంటారు. ఆ "సార్" లేకుండా బతకడం ఆయన వల్ల కాదు.

తీరా చూస్తే ఇన్‌స్పెక్టరు ఒక రోజు ముందే దిగాడు. చేతిలో టేపు, మెడలో బోర్లా తిరిగిన కార్డు. కార్డు ఇటు తిప్పమని అడుగుదామనుకున్నాడు సెక్రటరీ. అడిగితే కోపమొస్తుందేమోనని మంచినీళ్ళు ఇచ్చి ఊరుకున్నాడు.

మనిషి మాత్రం పనిమంతుడే. వంగి, పూల్ అడుగున నీళ్ళు లాగే జాలీ బిగించి ఉందో లేదో చూశాడు. మెట్ల కమ్మీ పట్టుకుని ఊపాడు. దోసిట్లోకి నీళ్ళు తీసి వాసన చూశాడు. ఆఖరికి రింగు దగ్గరికొచ్చి ఆగిపోయాడు.

"ఇదెక్కడిది?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, బావమరిది చెయ్యి దానంతటదే భుజం మీదికి పోయింది.

"ప్రత్యేకంగా ఆర్డరిచ్చి తెప్పించామండీ. రెండేళ్ళయింది" అన్నాడు సెక్రటరీ.

"రెండేళ్ళా! కొత్తదిలా ఉందే?"

"కన్నబిడ్డలా చూసుకుంటామండీ."

ఇన్‌స్పెక్టరు మొహం కందగడ్డలా అయింది. "చాలామందిని చూశాను గానీ, మీలాంటి మనిషిని చూడటం ఇదే మొదలు" అన్నాడు. పొగడ్తే అనుకుని సెక్రటరీ చేతులు జోడించాడు.

"దీన్ని పరీక్షకి తీసుకెళ్ళాలి. మనిషి బరువు ఆపుతుందో లేదో తేల్చాలి. ఆ కర్ర కూడా ఇవ్వండి. మందుల పెట్టె కూడా. ఆ బోర్డు విప్పండి."

"బోర్డుకి పరీక్షేంటండీ?"

"తడిస్తే అక్షరాలు నిలుస్తాయో లేదో చూడొద్దూ?"

అదీ నిజమేననిపించింది. బావమరిది చెమటలు కక్కుతూ మరలు విప్పాడు. అన్నీ మోసుకెళ్ళి వ్యానులో సర్దాడు. పూల్ పక్కన కొత్తగా వేసిన రెండు పడక కుర్చీలు చూపించి, ఇవి కూడా పరీక్షకి కావాలా అని సెక్రటరీయే అడిగాడు. ఇన్‌స్పెక్టరు కాసేపు ఆలోచించి, సరే, మీరు అంతగా అంటుంటే ఎక్కించండి అన్నాడు.

వ్యాను మలుపు తిరగగానే బావమరిది ఎగిరి గంతేశాడు. "గట్టెక్కాం బావా!"

సెక్రటరీ వెళ్ళి పాలరాతి ఫలకాన్ని రుమాలుతో తుడుచుకున్నాడు. ఆ సాయంత్రం ఇంట్లో కాఫీ ఒక్కసారే, గట్టిగా అడిగాడు. వచ్చింది కూడా.

మర్నాడు ఉదయం ఒక ఆఫీసరమ్మ ఇద్దరు సహాయకులతో పూల్ దగ్గరికొచ్చింది. ఎవరూ అడక్కుండానే కార్డు చూపించింది.

"రింగేది? కర్రేది?"

"నిన్న మీ ఆఫీసాయనే పట్టుకెళ్ళారు కదమ్మా."

"నిన్న మా ఆఫీసు నుంచి ఎవరూ రాలేదే!"

"మోసం! పట్టపగలు దోపిడీ! ఇప్పుడే పోలీసులకి చెబుతాను" అంటూ సెక్రటరీ ఫోన్ తీశాడు.

బావమరిది చెవిలో గొణిగాడు. "వద్దు బావా. ముందు ఆ రింగు ఎక్కడ కొన్నారని అడుగుతారు."

ఫోన్ మళ్ళీ జేబులోకి పోయింది. తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు పాపం. సహాయకులు పూల్ గేటుకి గొలుసు చుడుతున్నారు. తమ వాచ్‌మన్ కుర్చీలోంచి చూస్తున్నాడు గానీ లేవలేదు. ఆ లేవకపోవడం సెక్రటరీకి అన్నిటికన్నా ఎక్కువగా గుచ్చుకుంది.

"ఒక్క రోజు గడువివ్వండమ్మా. ఇన్ని సామాన్లు ఒక్క రోజులో ఎవరి వల్లవుతుంది?" అన్నాడు ఏడుపు గొంతుతో.

"ఎందుకవ్వదు? ఇప్పుడే మీ వెనక వీధి పూల్ చూసొస్తున్నా" అంది ఆవిడ తాళం నొక్కుతూ. "అక్కడి సెక్రటరీగారు నిన్న స్వయంగా వ్యాను వేసుకెళ్ళి సామాన్లు తెచ్చుకున్నారట. రింగు ఒక్కటి తప్ప, ఇప్పుడు ఆయన దగ్గర ప్రతి వస్తువూ రెండేసి ఉన్నాయి!"